నీటిమీద బాతు, పడవలో కెమెరా

చదివే ముందు

అడవి బాతును ఫోటో తీయడం చాలా సులువని మనకు అనిపిస్తుంది. అది ఓ మోస్తరు పెద్ద పక్షి. పగలంతా కంటికి కనిపిస్తూనే ఉంటుంది. పిచ్చుకలాగా కొమ్మల్లో దూరదు. అయినా మొదటిసారి ప్రయత్నించిన వాళ్లకు ఎక్కువగా దక్కేవి ఎగిరిపోతున్న తోకల ఫోటోలే. అలా ఎందుకు జరుగుతుంది? చిన్న పడవ ఈ పనిలో ఎలా ఉపయోగపడుతుంది? అదే పడవ ఎప్పుడు పక్షికి చేటు తెస్తుంది? ఈ సంగతులు ఈ వ్యాసంలో తెలుసుకుందాం. మధ్యమధ్య కొన్ని ప్రశ్నలు వస్తాయి. అక్కడ ఆగి, మీ జవాబు మీరు అనుకున్నాకే ముందుకు సాగండి.

ఉప్పళం నుంచి ఊసుడు ఏరికి

పుదుచ్చేరి పట్టణంలో దక్షిణపు వైపున ఉప్పళం అనే పేట ఉంది. పేరు తమిళమే అయినా మనకు అర్థం చెప్పనక్కరలేదు. ఉప్పు పండించే మడిని తెలుగులోనూ అళం అంటారు. ఇప్పుడది ఇళ్లతో, వీధులతో నిండిన పట్టణభాగం. అక్కడికి కొంచెం దక్షిణంగా అరియాంకుప్పం నది సముద్రంలో కలుస్తుంది. ఆ ముఖద్వారం దగ్గర తేంగాయ్‌తిట్టు మడచెట్లు, వాటి మధ్య ఆటుపోట్లకు నిండి తగ్గే ఉప్పునీటి పాయలు ఉన్నాయి. కొంగలు, లకుముకి పిట్టలు, ఉల్లంకి పిట్టలు అక్కడ కనిపిస్తాయి. బాతుల కోసం మాత్రం మంచినీటి వైపు వెళ్లాలి.

ఆ మంచినీరు పట్టణానికి పడమరగా, దాదాపు పది కిలోమీటర్ల దూరంలో ఉంది. దాని పేరు ఊసుడు ఏరి. ఊస్టేరి అని కూడా పిలుస్తారు. ఇక్కడ ఒక చిన్న మాట. తెలుగులో ఏరు అంటే ప్రవహించేది. తమిళంలో ఏరి అంటే నిలిచిన నీరు, అంటే చెరువు. యానాం నుంచి చదువు కోసం పుదుచ్చేరికి వెళ్లే మన విద్యార్థులు మొదట్లో ఈ రెండు మాటల దగ్గర తికమక పడుతుంటారు. ఊసుడు ఏరి పుదుచ్చేరి ప్రాంతంలోకెల్లా పెద్ద చెరువు. కొంత భాగం పుదుచ్చేరిలో, మిగిలింది తమిళనాడులో ఉంది. పుదుచ్చేరి ప్రభుత్వం తన భాగాన్ని 2008లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. పట్టణానికి ఉత్తరాన, తమిళనాడులో ఉన్న కళువేలి మడుగు కూడా బాతులకు పేరుపొందినదే. దాన్ని 2021లో పక్షుల అభయారణ్యం చేశారు. 2024లో అది అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడినేలల పట్టికలో చేరింది. మన కొల్లేరు 2002లోనే ఆ పట్టికలోకి ఎక్కింది.

ఈశాన్య రుతుపవనాల వానలకు ఈ చెరువులు నిండుతాయి. ఆ సమయానికే ఉత్తరాది నుంచి బాతులు దిగుతాయి. వీటిలో సూదిలాంటి పొడవైన తోక గల బాతు ఒకటి. గరిటెలాగా వెడల్పైన ముక్కుతో నీటిని జల్లెడ పట్టి తినే బాతు ఇంకొకటి. కంటిమీద తెల్లని చార గల చిన్న బాతు గార్గనీ మరొకటి. ఇవి సైబీరియా, మధ్య ఆసియా వంటి చోట్ల పిల్లల్ని లేపి, చలికాలానికి మన దేశం చేరతాయి. ఏడాది పొడుగునా ఇక్కడే ఉండేవి వేరే ఉన్నాయి. నల్లని ముక్కు చివర పసుపు మచ్చ గల బాతు, ఎగురుతూ ఈలవేసే ఈలబాతు ఆ కోవలోవి. అడవి బాతును తెలుగులో చిలువ అని కూడా అంటారు.

వేటగాడి పడవే

కయాక్ అంటే ఏమిటో కొల్లేటి దోనె తెలిసినవాళ్లకు సులువుగా చెప్పవచ్చు. తాటిమొద్దును తొలిచి చేసిన దోనెలో మనిషి నీటిమట్టానికి దగ్గరగా కూర్చుంటాడు. కయాక్‌లోనూ అంతే. కాకపోతే అది ఇంకా సన్నగా, తేలికగా ఉంటుంది. తెడ్డుకు రెండు వైపులా రెక్కలు ఉంటాయి. మంచుప్రాంతాల ఇన్యూట్ ప్రజలు కొయ్యతోనో ఎముకతోనో చట్రం కట్టి, దానిమీద సీలు చర్మం బిగించి దీన్ని తయారుచేసుకునేవారు. దేనికి? చప్పుడు లేకుండా సీళ్ల దగ్గరికి, నీటిపక్షుల దగ్గరికి వెళ్లి వేటాడటానికి. ఇంగ్లండులో బాతుల వేటగాళ్లు చదునైన పడవలో బోర్లా పడుకొని, పడవ ముందుభాగంలో బిగించిన పెద్ద తుపాకితో మందమీద కాల్చేవారు. అంటే, నీటిమీద పక్షిని సమీపించే విద్య మొదట వేటగాళ్లదే. ఫోటోలు తీసేవాళ్లు దాన్ని అరువు తెచ్చుకున్నారు.

ఈ మార్పును ఒకే మనిషి జీవితంలో చూడవచ్చు. అమెరికాకు చెందిన జార్జ్ షైరస్ న్యాయవాది, మొదట వేటగాడు. ఒజిబ్వా తెగవారు రాత్రిపూట పడవ ముందు దీపం పెట్టుకొని జింకల్ని వేటాడేవారు. ఆయన ఆ పద్ధతి నేర్చుకున్నాడు. తర్వాత తుపాకి స్థానంలో కెమెరా పెట్టాడు. మిషిగన్ రాష్ట్రంలోని వైట్‌ఫిష్ సరస్సుమీద, చిన్న పడవలోంచి ఆయన తీసిన రాత్రి ఫోటోలు 1900లో పారిస్ ప్రదర్శనలో బహుమతి పొందాయి. 1906 జులైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆయన ఫోటోలు 74 ప్రచురించింది. ఆయన ఫోటోలు ఎక్కువగా జింకలవే అన్నది నిజం. కాని మన పాఠానికి కావలసింది ఇంకొకటి ఉంది. షైరస్ పార్లమెంటు సభ్యుడిగా ఉండగా, 1904లో, వలసపక్షుల్ని కాపాడే బాధ్యత కేంద్ర ప్రభుత్వానికి అప్పగించాలని బిల్లు ప్రతిపాదించాడు. అప్పుడది నెగ్గలేదు. ఆ ఆలోచన మాత్రం నిలిచింది. 1918లో అమెరికాలో వలసపక్షుల రక్షణ చట్టం వచ్చింది.

ఆలోచించండి: వేటగాడికీ, ఫోటో తీసేవాడికీ పడవ నడపడంలో తేడా ఎక్కడ మొదలవుతుంది?

పడవలోంచే ఎందుకు?

చెరువుగట్టు మీద నిలబడి ఫోటో తీశారనుకోండి. మీ కన్ను నీటికి మూడు మీటర్ల ఎత్తులో ఉంది. బాతు ముప్ఫై మీటర్ల దూరంలో ఉంది. అప్పుడు మీరు బాతును సుమారు ఆరు డిగ్రీల కోణంలో కిందికి చూస్తున్నారు. ఫోటోలో బాతు వెనక నీరే కనిపిస్తుంది. పక్షి వీపు కనిపిస్తుంది, ముఖం సరిగా కనిపించదు. అదే కయాక్‌లో కూర్చుంటే కెమెరా నీటికి అరవై సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కోణం ఒక డిగ్రీకి కాస్త ఎక్కువ. అంటే బాతు కంటికి దాదాపు సమానంగా చూస్తున్నారన్నమాట. దాని వెనక కనిపించేది దూరపు తుంగ, అవతలి గట్టు. అవి దూరంగా ఉన్నాయి కనుక మసకబారుతాయి. బాతు ఒక్కటే తేటగా నిలుస్తుంది. పడవ చేసే మేలులో సగం ఇదే.

రెండో సగం పక్షి మనసుకు సంబంధించింది. నిలబడిన మనిషి ఆకారాన్ని బాతు దూరం నుంచే గుర్తుపడుతుంది. రెండు కాళ్లు, ఊగే చేతులు, ఆకాశానికి అడ్డంగా ఒక నిలువు గీత దానికి ప్రమాదపు గుర్తులు. పడవలో కూర్చున్నవాడికి కాళ్లు కనిపించవు. మనిషి నీటిమీద తేలే మొద్దులా పొట్టిగా ఉంటాడు. అందుకని పక్షి మరికొంత దగ్గరికి రానిస్తుంది. రానిస్తుందే కాని, మనల్ని చూడలేదని అనుకోకూడదు. బాతు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. ముందూ వెనకా దానికి ఒకేసారి కనిపిస్తాయి.

నిద్రలోనూ అంతే. 1999లో అమెరికా శాస్త్రవేత్తలు ఒక జాతి బాతుల మీద పరిశోధన చేశారు. వరసలో మధ్యన పడుకున్న బాతులు రెండు కళ్లూ మూసుకొని నిద్రపోయాయి. చివర పడుకున్నవి తరచుగా ఒక కన్ను తెరిచి ఉంచాయి. అదీ గుంపుకు బయటివైపు ఉన్న కన్నే. ఆ కంటికి సంబంధించిన సగం మెదడు మేలుకొని ఉంది, మిగిలిన సగం నిద్రపోతోంది. మంద చివరన కూర్చున్న బాతు కావలివాడన్నమాట. మన పడవ ముందుగా లొంగదీసుకోవలసింది ఆ కావలివాడినే, లెన్సుకు అందంగా కనిపించిన మధ్య బాతును కాదు.

దగ్గరికి వెళ్లడం, ఆగడం

ఇక దూరం లెక్క చూద్దాం. 36 మిల్లీమీటర్ల వెడల్పు గల ఫిల్ము మీద 400 మిల్లీమీటర్ల లెన్సు వాడితే, ముప్ఫై మీటర్ల దూరంలో 2.7 మీటర్ల వెడల్పు దృశ్యం పడుతుంది. మచ్చముక్కు బాతు పొడవు సుమారు 60 సెంటీమీటర్లు. అంటే ఫోటో వెడల్పులో అది అయిదో వంతుకు కాస్త ఎక్కువ. పదిహేను మీటర్లకు వెళితే దృశ్యం 1.35 మీటర్లకు తగ్గుతుంది, బాతు రెట్టింపు అవుతుంది. ఇప్పటి డిజిటల్ కెమెరాల్లోనూ లెక్క ఇదే పద్ధతి, ఫిల్ము బదులు లోపలి పలక వెడల్పు వేసుకోవాలి. ఈ రెట్టింపు దగ్గరే ఆశ పుడుతుంది. ఇంకో అయిదు మీటర్లు, ఇంకో మూడు మీటర్లు అనుకుంటూ ముందుకు పోతాం.

ఈ తప్పు నేనూ చేశాను. పులికాట్‌లో ఒకసారి, అటవీశాఖ వారి అనుమతితో, ఒక మత్స్యకారుడి పడవలో వెళ్లాను. అక్కడ నీరు లోతు తక్కువ, గెడతో నెడతారు. రెండు వందల దాకా సూదితోక బాతులు ఎండలో కునుకు తీస్తున్నాయి. నాలుగు మెడలు లేచాయి. చూశాను. అయినా ఇంకొంచెం పోనిమ్మన్నాను. మరుక్షణం నీరంతా చప్పట్లు కొట్టినట్లయింది. నాకు దక్కినవి తోకలు. పడవ నడిపే పెద్దాయన కోప్పడలేదు. "మెడ లేచినప్పుడే గెడ ఆపాల సార్. ఇంక ఈ పొద్దు అయి ఇట్టా రావు" అన్నాడు. ఆ రోజు అవి రాలేదు.

ఆయన మాటలో మొత్తం విద్య ఉంది. బాతు ఎగరడానికి ముందు మూడు నాలుగు గుర్తులు చూపిస్తుంది. తింటున్నది తినడం మానేస్తుంది. పడుకున్నది రెక్కలోంచి ముక్కు బయటికి తీస్తుంది. మెడ నిటారుగా లేస్తుంది. ఆ తర్వాత మంద దగ్గరికి జరుగుతూ మనకు దూరంగా ఈదడం మొదలుపెడుతుంది. మొదటి గుర్తు కనబడగానే తెడ్డును పడవ మీద అడ్డంగా పెట్టి కదలకుండా కూర్చోవాలి. అయిదు నిమిషాలో, పది నిమిషాలో పడుతుంది. మెడలు దిగి మళ్లీ మేత మొదలైతే, అక్కడి నుంచి ఒకటి రెండు తెడ్లు వేయవచ్చు. దిగకపోతే ఆ రోజుకు ఆ దూరమే మీ దూరం. ఇన్ని మీటర్లని ఎవరూ ముందుగా చెప్పలేరు. వేటకు గురైన చోట బాతులు చాలా దూరం నుంచే లేస్తాయి, రోజూ మనుషుల్ని చూసే చెరువులో దగ్గరగా రానిస్తాయి.

నేరుగా బాతువైపు పడవ ముక్కు పెట్టి వెళ్లకూడదు. పక్కగా, ఏటవాలుగా, వేరే ఏదో పనిమీద పోతున్నట్లు వెళ్లాలి. చూపు కూడా దానిమీదే నిలపకూడదని కొందరు అంటారు. అది ఎంతవరకు నిజమో గాని, నేను మాత్రం పాటిస్తాను. ఇంకా మంచి పద్ధతి ఉంది. బాతులు మేతకు వచ్చే చోటు ముందురోజు గట్టుమీద నుంచి చూసిపెట్టుకొని, తెల్లవారకముందే తుంగ పక్కన పడవ నిలిపి కూర్చుంటే, అవే మన దగ్గరికి ఈదుకుంటూ వస్తాయి. ఓపిక ఉన్నవాళ్లకు ఇంతకన్నా మేలైన దారి లేదు.

గాలిని కూడా గమనించాలి. బాతులు గాలికి ఎదురుగా లేస్తాయి. గాలి మీ వీపు వైపు నుంచి వీస్తే, లేచే పక్షి ముఖం మీవైపు ఉంటుంది. కాని అదే గాలి మీ పడవను వాటిమీదికి నెడుతుంది. తెడ్డు ఆపి కూర్చున్నా పడవ జరుగుతూనే ఉంటుంది. అందుకని పక్కగాలి మంచిది. బాతుల్లోనూ లేచే తీరు వేరు. పైపై నీళ్లలో తలముంచి తినే బాతులు ఒక్క ఊపున నిలువుగా లేస్తాయి. మునిగి తినే బాతులు నీటిమీద కొంత దూరం పరుగెత్తిగాని లేవలేవు.

కెమెరా సంగతి ఎక్కువ చెప్పనక్కరలేదు. పడవ ఊగుతుంది కాబట్టి షట్టరు వేగం సెకనులో వెయ్యో వంతుకు తగ్గకుండా చూసుకోండి. కంటిమీద ఫోకస్ పెట్టండి. మగ సూదితోక బాతు రొమ్ము తెల్లగా ఉంటుంది. ఎండలో ఆ తెలుపు ఒట్టి సున్నపు మచ్చలా మారిపోతుంది. వెలుతురు కాస్త తగ్గించి తీయండి. ప్రతి వస్తువునూ తాడుతో పడవకు కట్టండి. కెమెరాను నోరు మడిచి బిగించే నీరుచొరని సంచిలో ఉంచండి. తీసేటప్పుడు మాత్రమే బయటికి తీయండి. తేలుజాకెట్టు లేకుండా, తోడు లేకుండా, గట్టున ఎవరికీ చెప్పకుండా నీటిమీదికి పోవద్దు. గుర్రపుడెక్కలో చిక్కుకున్న పడవ ఈతగాడి చేత కూడా బయటికి రాదు. జాలరుల వలలు ఎక్కడున్నాయో ముందే అడిగి తెలుసుకోండి. వల వాళ్ల కూడు.

అందమైన నెల, కష్టమైన నెల

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. అక్టోబరు, నవంబరుల్లో వచ్చిన మగబాతులు చాలావరకు ఆడవాటిలాగే గోధుమరంగులో ఉంటాయి. పిల్లల కాలం ముగిశాక అవి రంగు ఈకల్ని రాల్చేస్తాయి. ఆ సమయంలోనే రెక్కల్లోని పెద్ద ఈకలన్నీ ఒక్కసారిగా రాలిపోయి, కొన్ని వారాలు ఎగరలేకుండా ఉంటాయి. ఆ తర్వాతే ప్రయాణం. ఇక్కడికి చేరాక మెల్లగా కొత్త రంగులు తొడుగుతాయి. సూదితోక బాతు డిసెంబరు, జనవరి నాటికి సింగారించుకుంటుంది. గార్గనీ ఇంకా ఆలస్యం, ఫిబ్రవరి దాకా పడుతుంది. కనుక ఫోటోలకు మంచి కాలం జనవరి నుంచి మార్చి వరకు.

ఆ కాలానికే చెరువుల్లో నీరు తగ్గడం మొదలవుతుంది. బాతులు మిగిలిన నీటిలోకి కుదురుకుంటాయి. తిరుగు ప్రయాణానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకోవలసిన సమయం కూడా అదే. వేల కిలోమీటర్లు ఎగరాలి. ఈదుతూనో, కూర్చునో ఉండటం కన్నా రెక్కలాడించడం ఎన్నో రెట్లు ఖర్చైన పని. ఒక పడవ లేపితే ఒకసారి. ఆదివారం పూట ఒకరి తర్వాత ఒకరు నలుగురు వస్తే నాలుగుసార్లు. ఒక్కో ఫోటోగ్రాఫరు తాను లేపింది ఒక్కసారే కదా అనుకుంటాడు. పక్షి లెక్క వేరు. పైగా చాలా బాతులు రాత్రిపూట పొలాల్లో, మడుగుల్లో మేసి, పగలు నిద్రపోతాయి. మనకు ఊరికే కూర్చున్నట్లు కనిపించేది వాటి రాత్రి.

గట్టుమీద నిలబడినవాడు చేయలేని కీడు పడవవాడు చేయగలడు. గట్టు నుంచి మనిషి వస్తే బాతులు చెరువు నడుమకు జరిగి ఊపిరి పీల్చుకుంటాయి. పడవ ఆ నడుమకే వస్తుంది, తుంగలోకి వస్తుంది. అప్పుడు వాటికి దాగే చోటు మిగలదు. ఇక్కడే ఉండే బాతుల గూళ్లూ ఆ తుంగల్లో, గట్టు గడ్డిలో ఉంటాయి. గుడ్లమీంచి తల్లి లేస్తే కాకి ఎక్కువసేపు ఆగదు.

చట్టం ఏమంటుంది?

పుదుచ్చేరికీ చెన్నైకీ మధ్యనున్న వేడంతాంగల్‌లో గ్రామస్థులు తమ చెరువు పక్షుల్ని కాల్చవద్దని 1798లోనే అప్పటి కలెక్టరు నుంచి రాయించుకున్నారు. పక్షుల రెట్టతో ఎరువైన నీరు వాళ్ల పొలాలకు అక్కరకొచ్చేది మరి. దేశమంతటికీ వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. మొదట్లో బాతుల్ని లైసెన్సు మీద వేటాడే వీలుండేది. 1991 సవరణతో అది పోయింది. ఈ చట్టంలో వేట అన్న మాటకు అర్థం చాలా విశాలం. తరమడం, ఎర వేయడం, పక్షి గూటిని గాని గుడ్లను గాని చెదరగొట్టడం కూడా అందులోకే వస్తాయి. చేతిలో తుపాకి బదులు కెమెరా ఉన్నంత మాత్రాన మినహాయింపు లేదు. మంచి రెక్కల ఫోటో కోసం మందను కావాలని లేపేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. అభయారణ్యంలో అడుగుపెట్టడానికీ, ఫోటోలు తీయడానికీ అటవీశాఖ అనుమతి కావాలి. సొంత పడవ దించడం సంగతి చెప్పనే అక్కరలేదు.

మరి ఉప్పళంలో ఉండే విద్యార్థి ఈ విద్య ఎక్కడ నేర్చుకోవాలి? పడవ నడపడం చున్నంబారు వెనుకజలాల్లో నేర్చుకోవచ్చు. అక్కడ పడవల వసతి ఉంది. తెడ్డు నీటిలోంచి తీసేటప్పుడు చుక్కలు టపటప రాలకుండా తీయడం, ఊగకుండా కెమెరా ఎత్తడం, ఒక్క తెడ్డుతో పడవను పక్కకు జరపడం వస్తే చాలు. ఆ పాయల్లోని కొంగమీద సాధన చేయండి. కొంగ మంచి గురువు. తప్పు చేస్తే వెంటనే లేచిపోతుంది, కాస్త దూరంలోనే మళ్లీ వాలుతుంది. బాతుల్ని మాత్రం మొదటి ఏడాది ఊసుడు ఏరి గట్టుమీద నుంచే చూడండి. ఏ మంద ఎక్కడ మేస్తుంది, ఎప్పుడు నిద్రపోతుంది, ఏ వైపు కావలి కూర్చుంటుంది అని నోటుపుస్తకంలో రాసుకోండి. ప్రతి జనవరిలో నీటిపక్షుల్ని లెక్కపెట్టే కార్యక్రమం మన ఉపఖండంలో 1987 నుంచి సాగుతోంది. పక్షుల్ని గుర్తించడం వచ్చాక మీరూ అందులో చేరవచ్చు.

అనుమతి దొరికి పడవ ఎక్కిన రోజున వెనుదిరగడం కూడా నేర్చుకోవాలి. ఫోటో దొరకగానే చాలామంది నడుం నిటారుగా పెట్టి, గబగబా పడవ తిప్పుతారు. అంతసేపూ ఓర్చుకున్న బాతులు అప్పుడు లేస్తాయి. పడవను తిప్పకుండా, వెనక్కి తెడ్డు వేస్తూ, వచ్చినంత నెమ్మదిగా జారుకోవాలి. వెళ్లినప్పుడు మందలో ఎన్ని ఉన్నాయో, తిరిగి వచ్చేటప్పుడు ఎన్ని ఉన్నాయో రెండుసార్లూ లెక్కపెట్టి, ఆ రెండు అంకెలూ ఫోటో పక్కనే రాసిపెట్టుకోండి.